దొంతరలో మూడోది

"తప్పు ఎవరికైనా జరుగుతుంది మేడమ్. పాపం, ఎనిమిదేళ్లు ఇంటి దగ్గరుండి వచ్చింది అక్క. మనమే కాస్త ఓపిక పట్టాలి" అన్నాడు, ఆఫీసులో అందరూ కుట్టుమిషను అని పిలిచే కుర్రాడు.

ఆ మాటతో గదిలో ఉన్నవాళ్లంతా, ఈమధ్యే ఉద్యోగంలో చేరిన కొత్తక్క వైపు జాలిగా చూశారు. అప్పటిదాకా తప్పు ఆమెదేనని ఎవరూ తేల్చి అనలేదు. ఎలా జరిగిందో, ఎక్కడ జరిగిందో అని తర్జనభర్జన పడుతున్నారు. అతను ఆమెను వెనకేసుకు రాగానే ఆ చర్చ కాస్తా ముగిసిపోయింది. క్షమించడానికి మనిషి దొరికాక ఇక వెతకడమెందుకు?

కొత్తక్క తలవంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. అతని వైపు ఒకసారి కృతజ్ఞతగా చూసింది.

వాళ్ల ఆఫీసు డయాలసిస్ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఏ రోగికి ఏ మంచం, ఏ వేళకు అన్నది అందులోనే నడుస్తుంది. సోమవారం పొద్దున నాలుగైదు కేంద్రాల్లో ఒకే మంచానికి ఒకే వేళకు ఇద్దరిద్దరు వచ్చి నిలబడ్డారు. ఒక చోట ఒక పెద్దావిడ కుర్చీలోనే మధ్యాహ్నం దాకా కూర్చుని, కాళ్లు వాచిపోయి, ఆయాసం ఎక్కువై, చివరికి పెద్దాసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది. కానీ ఇద్దరిని ఒకే మంచానికి రానివ్వని తనిఖీ ఒకటి ప్రోగ్రాంలో ఉండాలి. అది కొత్తక్క రాయాల్సింది. చూస్తే అక్కడ లేదు. కబురందిన కాసేపటికే కుట్టుమిషను ఆ తనిఖీ రాసి పెట్టేశాడు. చెయ్యి తిరగడమంటే అదీ అని అందరూ మెచ్చుకున్నారు.

కొత్తక్క తన పనిని ఒకే ముద్దగా కాక ఐదు చిన్న మార్పులుగా చేసింది. మొదటిదాని మీద రెండోది, రెండోదాని మీద మూడోది, మడతపెట్టిన బట్టల దొంతరలాగా. అలా చేస్తే పరిశీలించేవాళ్లకు సులువు. చిక్కల్లా ఒక్కటే. అడుగున ఉన్నదాన్ని కాస్త కదిపితే చాలు, పైవాటినన్నిటినీ ఎత్తి మళ్లీ ఒక్కొక్కటిగా సర్దుకుంటూ పేర్చాలి. దాన్ని వాళ్ల భాషలో రీబేస్ అంటారు. విసుగు పుట్టించే పని. ఆ పనిలో కుట్టుమిషనుకు ఎదురులేదు. ఎవరి బ్రాంచ్‌నైనా, అంటే ఎవరు విడిగా రాసుకున్న కోడ్‌నైనా, అతుకు కనబడకుండా కలిపేస్తాడు కాబట్టే ఆ పేరు పడింది. మొన్న దొంతర అడుగున చిన్న సవరణ చేయాల్సి వచ్చిన రోజునే, కూతురికి జ్వరమని బడి నుంచి ఫోన్ వచ్చింది. "మీరు వెళ్లండక్కా, నేను పేర్చేస్తా" అన్నాడతను. ఆమె బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తింది.

పేర్చినవాడు రాసినవాడు కాడు కదా. ఎవరేం మార్చారో నమోదయ్యే చిట్టాలో ఆ మార్పు పక్కన ఉన్న పేరు ఆమెదే.

"నేను ఉన్నది ఉన్నట్టే పేర్చాను మేడమ్" అన్నాడు కుట్టుమిషను, ఎవరూ అడగకుండానే.

మేనేజర్ మేడమ్ ల్యాప్‌టాప్ మీద చేతులు ఆనించి, "మీకు ఇంకా ప్రొబేషన్ నడుస్తోంది. ప్రస్తుతానికి కోడ్ ముట్టుకోకండి. వేరే పని చూసి ఇస్తాను" అంది. కోపంగా అనలేదు. జబ్బు మనిషికి పథ్యం చెబుతున్నట్టు అంది.

సాయంత్రానికి అందరికీ మెయిల్ వచ్చింది. జరిగిందేమిటో, ఎవరి మార్పులో ఏమి లేకపోవడం వల్ల జరిగిందో అందులో పేరుతో సహా ఉంది. కొత్తక్క దాన్ని ఫోన్లో చూసింది, లిఫ్టులో నిలబడి. పక్కనున్న అకౌంట్స్ అమ్మాయి కూడా తన ఫోన్లో అదే చదువుతోంది. చదివి, తలెత్తకుండా, లిఫ్టు అద్దంలో జుట్టు సవరించుకుంది.

*

"అమ్మా, మళ్లీనా?" అంది కూతురు.

మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్లిన కొత్తక్క వెనక్కి వచ్చింది. గ్యాస్ కట్టేసిందో లేదోనని. వంటింట్లోకి వెళ్లి మీట మీద చెయ్యి పెట్టి చూసింది. కట్టేసే ఉంది. నిన్న తాళం కోసం వచ్చింది. అంతకుముందు ఇస్త్రీపెట్టె కోసం.

"కట్టేశావమ్మాయ్, నేను చూస్తూనే ఉన్నా" అంది అత్తగారు, కూరగాయలు తరుగుతూ. "ఇంట్లో మనిషిని నేనుండగా తాళమేమిటి, గ్యాసేమిటి? నేను కనబడటం లేదా నీకు?"

"అది కాదత్తయ్యా. కూరలో ఉప్పు వేశానా?"

"వేశావు. రెండుసార్లు. అందుకే అడుగుతున్నా, ఆఫీసులో ఏమైంది?"

కూతుర్ని వీధిలోకి బడిబస్సు దగ్గరికి పంపి, చెప్పులతోనే గడప మీద కూర్చుని ఆమె చెప్పింది. మంచాలు, ఇద్దరు రోగులు, లేని తనిఖీ. అత్తగారు కత్తి పక్కన పెట్టి విన్నది.

"ఇంతకీ నువ్వు రాశావా, లేదా?"

"రాశాననే అనుకుంటున్నా."

"అనుకోవడమేమిటి! నీ చేత్తో నువ్వు చేసింది నీకు తెలియదూ?"

"ఆ రోజు పాపకి జ్వరమని ఫోనొచ్చింది కదత్తయ్యా. ఆ కంగారులో రాసింది పంపానో, పంపకుండానే వచ్చేశానో... రాశానని మాత్రం గుర్తుంది. కానీ గుర్తుందని ఎలా చెప్పను, అందరూ లేదంటుంటే?"

"వెతికి చూసుకోలేదా?"

కొత్తక్క చెప్పు పట్టీ సర్దుకుంది. వెతకవచ్చు. పాత ప్రతులన్నీ సర్వర్‌లో ఎక్కడో ఉంటాయి. కానీ వెతికితే, లేదని తన కళ్లతో తాను చూస్తే, అప్పుడేం చేయాలి? ఇప్పటికైతే ఎక్కడో ఒక మూల అనుమానం మిగిలి ఉంది. దాన్ని పట్టుకునే రోజులు గడుపుతోంది.

"ఆ కుర్రాడు మంచివాడు. అందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చాడు" అంది లేస్తూ.

"మంచివాడే" అంది అత్తగారు కత్తి అందుకుని. "కాకపోతే నువ్వు పడ్డావో లేదో చూడకుండానే లేవదీయడానికి చెయ్యందించాడు."

*

కోడ్ ముట్టుకోకూడని మనిషికి దొరికిన వేరే పని, కొత్త టూల్‌ని పరీక్షించడం.

దొంతరలను దానంతటదే పేర్చే టూల్ అది. అడుగున ఏది కదిలినా పైవాటిని ఎత్తి, ఒక్కొక్కటీ సర్ది పెడుతుందట. కొనాలా వద్దా అని మేడమ్ ఊగిసలాడుతోంది. గడిచిన కొన్ని నెలల్లో చేత్తో పేర్చిన దొంతరలనే టూల్‌తో మళ్లీ పేర్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమంది. "ఒకేలా ఉంటే పాసు. తేడా వస్తే టూల్ తప్పినట్టు. మధ్యలో ఆగిపోయినా తప్పినట్టే. అంతే, సింపుల్" అంది.

చేత్తో పేర్చినవి తప్పై ఉంటాయేమోనన్న ఊహ ఆ మాటల్లో ఎక్కడా లేదు. కొత్తక్కకూ తట్టలేదు.

"మనుషులు చేసే పని మిషన్లకిస్తే ఎలాగండీ?" అన్నాడు కుట్టుమిషను నవ్వుతూ.

"నీ పేరే మిషను కదా, ఇంకా భయమెందుకు?" అన్నారెవరో. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు గానీ నవ్వు త్వరగా ఆరిపోయింది.

కిటికీ పక్క కుర్చీలో ఆమె పని మొదలుపెట్టింది. తెర ఎడమ సగంలో చేత్తో పేర్చింది, కుడి సగంలో టూల్ పేర్చింది. రెండూ ఒకటైన చోట పచ్చరంగు. తేడా ఉంటే ఎరుపు. ఎటూ తేల్చుకోలేని చోట టూల్ ఆగిపోయి పసుపు పట్టీ ఒకటి చూపిస్తుంది: ఒకే చోట ఇద్దరు మార్చారు, ఏది ఉంచాలో చెప్పండి. అలాంటప్పుడు రెండు వైపులా ఉన్నది చదివి, మనిషి ఏం చేశాడో చూసి, ఆమె తన పట్టికలో రాయాలి.

చాలావరకు పచ్చరంగే. చూసేకొద్దీ ఆమెకు కుట్టుమిషను పనితనం మీద గౌరవం పెరిగింది. ఎంత చిక్కుముడి అయినా ఓపికగా విప్పాడు. కొన్ని చోట్ల పసుపు పట్టీ వచ్చింది. అక్కడ అతను రెండు వైపులవీ కలిపి చక్కగా రాశాడు. టూల్ ఆగింది, మనిషి ఆగలేదు. ఆమె అలాగే రాసుకుంటూ పోయింది. రాసిందాన్ని మళ్లీ చదివింది. సేవ్ అయిందో లేదోనని మూసి మళ్లీ తెరిచింది. 

దొంతరలు తేదీల వరుసలో ఉన్నాయి. తనది దగ్గరపడుతోందని తెలిసిన దగ్గర్నుంచి ఆమె వేగం తగ్గింది. దాని ముందున్నదాన్ని చూసింది. దాన్ని దాటి తర్వాతదాన్ని చూసింది. తన దొంతర ఒక్కటీ పిల్లి ముందు పెట్టిన ఎలుకలా అక్కడే ఉండిపోయింది. పిల్లి ఎవరో ఎలుక ఎవరో మాత్రం తెలియలేదు.

కుట్టుమిషను రోజూ టీ పట్టుకొచ్చేవాడు. కాగితం కప్పు ఆమె బల్ల మీద పెట్టి, కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి, "ఎంతవరకొచ్చిందక్కా?" అనేవాడు.

"సగం దాటింది తమ్ముడూ. నీ చెయ్యి మాత్రం గొప్పదయ్యా."

"ఏదో మీ అభిమానం." కొంచెంసేపు ఆగి, "మీ దొంతర వదిలేయండక్కా. అది చూస్తే మళ్లీ బాధ. ఒక్కటి లేకపోతే ఎవరూ అడగరు" అన్నాడు.

ఎంత మంచి మనసు అనుకుంది కొత్తక్క.

ఆ మధ్యాహ్నం ధైర్యం కూడగట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లి, ఆ పెద్దావిడ ఉన్న డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేసింది. నర్సు తీసింది. ఫలానా ఆఫీసు నుంచి, ఆ తప్పు నావల్లే జరిగిందండీ, ఎలా ఉన్నారో కనుక్కుందామని, అని గబగబా చెప్పింది.

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "బాగానే ఉన్నారు. నిన్న నడిచొచ్చారు" అంది నర్సు. తర్వాత గొంతు తగ్గించి, "మీరు ఆడమనిషి కాబట్టి చెప్తున్నా. ఆవిడ ఆ రోజు నా చెయ్యి పట్టుకుని, నా పేరు నిజంగా లిస్టులో ఉందా అమ్మా, నేనే పొరపాటున వచ్చానా అని పదేపదే అడిగింది. ఆయాసంతో మాట రావట్లేదు, అయినా తనదే తప్పనుకుంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది" అంది.

ఫోన్ పెట్టేసి కొత్తక్క మెట్ల మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, బల్ల దగ్గరికి వచ్చి తన దొంతర తెరిచింది.

*

మొదటిది పచ్చ. రెండోది పచ్చ. మూడోదాని దగ్గర పసుపు పట్టీ.

ఒకే చోట ఇద్దరు మార్చారు. ఏది ఉంచాలో చెప్పండి.

ఒక వైపు ఎవరో మంచాల జాబితాకు కొత్తగా గది నంబరు చేర్చిన వరుసలు. రెండో వైపు ఆమె రాసిన తనిఖీ. ఇద్దరిని ఒకే మంచానికి రానివ్వని తనిఖీ. దాని కింద, అది సరిగ్గా పని చేస్తోందో లేదో చూడటానికి రాసిన పరీక్ష కూడా. ఆమె వాడే పదాలే, ఆమె పెట్టే అలవాటైన ఖాళీలే. ఎడమ సగంలో, చేత్తో పేర్చినదాంట్లో, గది నంబరు వరుసలు మాత్రమే ఉన్నాయి.

మొదట ఆమెకు కలిగింది సంతోషం కాదు. భయం. ఎక్కడో పొరబడుతున్నానని భయం. టూల్ వేరే ప్రతి తీసుకుందేమోనని వెనక్కి వెళ్లి చూసింది. కాదు. బడి నుంచి ఫోన్ వచ్చిన వేళ తన ఫోన్లో చూసింది. మార్పు సర్వర్‌కు చేరిన వేళ చూసింది. చేరాకే ఫోన్ వచ్చింది. పంపింది. కంగారు పడకముందే పంపింది. తెర మూసి, మళ్లీ తెరిచి చూసింది. తనిఖీ అక్కడే ఉంది.

మూడోదాన్ని ఎత్తి పెట్టేటప్పుడు రెండు చేతులు ఒకే చోట పడ్డాయి. టూల్‌కు ఎటూ తోచక ఆగింది. మనిషి ఆగలేదు.

టీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఏంటక్కా, ఇంకా..." అని కుట్టుమిషను ముందుకు వంగాడు. తెర నిండా వరుసలు. ఏది ఏ ఫైలో, ఎవరి దొంతరో పైన చిన్న అక్షరాల్లో తప్ప ఎక్కడా లేదు. అతను పైకి చూడలేదు. కళ్లు తిన్నగా వెళ్లి తనిఖీ మీద వాలాయి. వేలు కూడా, అతనికి తెలియకుండానే, ఆ వరుస దాకా వెళ్లి గాలిలో ఆగింది. తర్వాత మడుచుకుంది.

కొత్తక్క తెరను చూడటం మానేసి ఆ వేలును చూసింది.

అంతసేపు వెతికితే తప్ప తనకు దొరకనిది అతనికి చూపు పడగానే దొరికింది. సోమవారం కాసేపట్లోనే ఎలా సరిచేయగలిగాడో అప్పుడర్థమైంది. ఏది పోయిందో, ఎక్కడ పోయిందో తెలిసినవాడికి ఎంతసేపు పడుతుంది?

"టూల్ ఆగిపోయిందని రాసెయ్యండక్కా. ఫెయిలని" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"నీకు తెలుసు" అంది ఆమె.

అతను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చుట్టూ చూశాడు.  తర్వాత గుసగుసగా, "అక్కా, నేను మీకు చెడు చేయాలనుకోలేదు. ఆ రోజు ఎనిమిది మంది బ్రాంచ్‌లు నా నెత్తిమీదున్నాయి. సోమవారం చూసుకున్నా. అప్పటికే అంతా మీ పొరపాటేనని అనుకుంటున్నారు. మీ తరఫున మాట్లాడాను కదా. మేడమ్‌తో విడిగా కూడా చెప్పాను. మీ ఉద్యోగానికేం కాదు. ప్రొబేషన్ కాస్త పొడిగిస్తారంతే" అన్నాడు.

"మరి నీకు?"

"ఈ టూల్ వస్తే నాకేముంటుందక్కా?" అని అతను తన కుర్చీ వైపు చూశాడు. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ నా చుట్టూ తిరుగుతారు. అది పేర్చిపెట్టు, ఇది కలిపిపెట్టు అని. రేపట్నించి ఎవరొస్తారు? దాని మీద ఇది కూడా బయటపడితే..." మాట పూర్తి చేయలేదు. "మీకు నేను చేసింది గుర్తుపెట్టుకోండక్కా. అంతే."

అతను వెళ్లాక టీ చల్లారి మీద పొర కట్టింది. కొత్తక్క పట్టికలో ఆ గడి దగ్గర కర్సరు పెట్టి కూర్చుంది. ఇన్ని రోజులూ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటూ తిరిగింది. తడుముకున్న భుజాల మీద ఏమీ లేదని ఇప్పుడు తెలిసినా, చేతులు ఇంకా అటే పోతున్నాయి. కొడుకు వయసు కాకపోయినా తమ్ముడి వయసువాడు. రోజూ టీ తెచ్చాడు. చల్లారిన కప్పును బల్ల అంచుకు జరిపింది. చెప్తే వాడేమవుతాడో. చెప్పకపోతే... నర్సు మాటలు గుర్తొచ్చాయి. నేనే పొరపాటున వచ్చానా అమ్మా.

గడిలో రాసింది: ఆగింది. ఆగడమే సరైనది.

*

సమావేశం మర్నాడు. మేడమ్ పట్టికను గోడ మీద తెరకెక్కించి చకచకా చదువుకుంటూ వస్తోంది. పాసు, పాసు, ఆగింది, పాసు. కొత్తక్క దొంతరలోని మూడోదాని దగ్గరికొచ్చి చదవడం ఆపింది.

"ఆగడమే సరైనది అంటే?"

కొత్తక్క గ్లాసు ఎత్తి నీళ్లు తాగింది.  మూతి తుడుచుకుంటూ లేచింది. మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు తెర మీద ఎటో పోయింది. ఎలాగో ఆ దొంతర తెరిచి, ఎడమా కుడీ చూపించి, "ఇక్కడ ఇద్దరు ఒకే చోట మార్చారు మేడమ్. టూల్ ఆగి అడిగింది. చేత్తో పేర్చినప్పుడు ఒక వైపుది పోయింది" అంది.

మేడమ్ కళ్లద్దాలు సవరించుకుని చూసింది. మొహం విప్పారింది. "అరె! అంటే టూల్ తప్పు చేయలేదన్నమాట. ఇది చాలా ముఖ్యం. ఇది ఒక్కటి చాలు, కొనేయొచ్చు. మంచిది, తర్వాతది..."

వేలు మీట మీదకు వెళ్లింది.

"నేనూ చేయలేదు మేడమ్" అంది కొత్తక్క.

గొంతు సన్నగా, పగిలినట్టు వచ్చింది. గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఏమిటి?"

"టూల్ తప్పు చేయలేదన్నారు కదా. నేనూ చేయలేదు. ఇది ఆ తనిఖీయే. సోమవారం లేదన్నది. నేను రాశాను, పంపాను. ఇదిగో ఇక్కడుంది."

మేడమ్ తెర వైపు మళ్లీ చూసింది. ఈసారి టూల్ కోసం కాక ఆమె కోసం చూసింది. ఆ వరుసలను చదవడానికి కొంతసేపు పట్టింది. దొంతర పేర్చిందెవరో గదిలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ అటు చూడలేదు. కొత్తక్క కూడా చూడలేదు.

"నేనే పేర్చాను" అన్నాడు కుట్టుమిషను చివరికి, బల్లకేసి చూస్తూ. "తొందరలో చూసుకోలేదు మేడమ్."

"సరే, తప్పు ఎవరికైనా జరుగుతుంది" అంది మేడమ్ వెంటనే. "అంత పని నీ ఒక్కడి మీద వేయడం మాదే పొరపాటు. టూల్ ఎలాగూ వస్తోంది, దాని బాధ్యత నువ్వే చూసుకో."

కొత్తక్క ఆ మాట విని నిలబడిపోయింది. అదే మాట. తనకు చెప్పినప్పుడు చేతిలోని పని పోయింది. అతనికి చెప్పినప్పుడు కొత్త పని చేతికొచ్చింది. ఎవరూ పాపం అనలేదు, ఎవరూ జాలిగా చూడలేదు.

"ఆ మెయిల్ ఎవరెవరికి వెళ్లిందో వాళ్లందరికీ మళ్లీ రాయాలి మేడమ్" అంది కూర్చోకుండానే.

"రాస్తాలెండి. అయిపోయిన విషయం కదా, అంత కంగారెందుకు?"

బయటికొచ్చాక మెట్ల దగ్గర కుట్టుమిషను ఆమెను అందుకున్నాడు. మొహం ఎర్రబడి ఉంది. "ఒక్క మాట ముందు నాతో చెప్పుండొచ్చు కదక్కా. నేను మీ తరఫున మాట్లాడాను."

"మాట్లాడావు తమ్ముడూ" అంది కొత్తక్క. "నన్ను మాట్లాడనివ్వకుండా."

 ఆమె కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది.

*

మేడమ్ అన్నట్టే మెయిల్ రాసింది. గత ఘటనకు కారణం మార్పులను పేర్చే క్రమంలో దొర్లిన లోపమని కొత్త టూల్ పరీక్షలో తేలిందనీ, ఇకమీదట ఆ టూలే వాడతామనీ, అందరి సహకారానికి కృతజ్ఞతలనీ. మొదటి మెయిల్‌లో ఉన్న పేరు ఇందులో లేదు. ఎవరి పేరూ లేదు. లోపం తనంతట తానే దొర్లినట్టుంది.

కొత్తక్క దాన్ని చాలాసార్లు చదివింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు. పేరు పెట్టి తిట్టి, పేరు లేకుండా క్షమాపణ. ఇక్కడితో ఊరుకుంటే మంచిదని మనసులో ఒక గొంతు చెబుతూనే ఉంది. ప్రొబేషన్. కూతురి బడి. ఈ వయసులో మళ్లీ ఎక్కడ వెతుక్కుంటావు. అందరికీ జవాబు అన్న మీట నొక్కింది. రాసింది. చెరిపింది. మళ్లీ రాసింది.

"ఆ మార్పు రాసింది నేను. తనిఖీ అందులో ఉంది. పోయింది పేర్చేటప్పుడు. నా పేరుతో వచ్చిన మెయిల్ చదివినవాళ్లంతా ఇది కూడా చదవాలని రాస్తున్నాను."

పంపేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. గదిలో ఒక్కొక్క బల్ల దగ్గరా మెయిల్ వచ్చిన టింగుమనే చప్పుడు ఒకదాని వెంట ఒకటి వినబడింది.  ఎవరూ జవాబివ్వలేదు. ఇక పిలుస్తారని, లోపలికి పిలిచి తలుపు వేస్తారని ఎదురుచూసింది. గాజుగదిలో మేడమ్ తెరకేసి చాలాసేపు చూసింది. ఒకసారి తలెత్తి ఇటు చూసింది. మళ్లీ దించుకుంది.

భోజనాల వేళకు ఒక్క వరుస వచ్చింది మేడమ్ దగ్గర్నుంచి. మీ పని మీరు మొదలుపెట్టొచ్చు. అంతే. క్షమాపణ కాదు, మందలింపు కాదు. అకౌంట్స్ అమ్మాయి మంచినీళ్ల దగ్గర ఎదురుపడి, పక్కకు జరిగి ఆమె సీసా ముందు నింపుకోనిచ్చింది.

ఆ వారమంతా కొత్తక్కకు నిద్ర సరిగా పట్టలేదు. రాసిన ప్రతి వరుసనూ మళ్లీమళ్లీ చూసుకుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఆఫీసులో మాటలు ఆమె దగ్గరికొచ్చేసరికి కొంచెం తగ్గేవి. కుట్టుమిషను కొత్త టూల్‌ను అమర్చే పనిలో తలమునకలై ఉన్నాడు. ఎదురుపడితే పక్కకు చూసేవాడు. టూల్‌కు ఒక నియమం పెట్టమని మేడమ్ చెప్పిందట. అది ఆగిన చోట పేర్చేవాడు ఒక్కడే తేల్చకూడదు. ఆ చోట ఎవరి రాత ఉందో వాళ్లు కూడా చూసి ఒప్పుకోవాలి. అప్పటిదాకా దొంతర కదలదు.

టూల్ పని మొదలుపెట్టిన రోజున మొదటి దొంతర కుట్టుమిషనుదే. అందరూ చూస్తుండగా మీట నొక్కాడు. ఒకటి, రెండు, మూడు, పచ్చగా పడుతూ వెళ్లాయి. నాలుగోదాని దగ్గర ఆగింది. పసుపు పట్టీ వచ్చింది. ఆ మరుక్షణం కొత్తక్క బల్ల మీద టింగుమంది.

అతను మార్చిన చోటే ఆమె కూడా నిన్న ఏదో మార్చింది. టూల్ ఆమెను అడుగుతోంది.

ఆమె తెరిచింది. పొడుగైన మార్పు. ఒక వైపు అతని వరుసలు, మరో వైపు తనవి. పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చదవసాగింది. కాసేపటికి బల్ల పక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టు తెలిసింది. తలెత్తితే కుట్టుమిషను. చేతిలో ఏమీ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టాడు, తీశాడు. ఆమె మొహాన్నీ తెరనూ మార్చి మార్చి చూస్తున్నాడు. నుదుటి మీద సన్నగా చెమట.

ఆ చూపును ఆమె గుర్తుపట్టింది. ఇన్నాళ్లూ అద్దంలో చూసిందే.

"తొందరేమైనా ఉందా తమ్ముడూ?" అంది.

"లేదక్కా." అతను గుటక మింగాడు. "మీరు నెమ్మదిగానే చూడండి. అంతా చూడండి."

కొత్తక్క కాలితో పక్క కుర్చీని అతని వైపు తోసింది. అతను అంచు మీద కూర్చున్నాడు. ఆమె మళ్లీ మొదటి వరుసకు వెళ్లి, పైనుంచి చదవడం మొదలుపెట్టింది.